గడప దాటని చట్టం



స్మారకోపన్యాసం ఇవ్వడానికి వచ్చినవాడు ముందు ఆ మహనీయుని గుణగణాలు చెప్పి, ఆ తర్వాత తీరిగ్గా విషయంలోకి దిగడం మన దగ్గర ఆనవాయితీ. మొదటి పని నాకంటే ముందు మాట్లాడినవారు చక్కగా చేశారు కనుక నేను నేరుగా రెండోదానికి వస్తాను. బాలకార్మిక వ్యవస్థ మీద మనకు చట్టాలు తక్కువేమీ కాదు. మన దేశంలోనే కాదు, పేద దేశాలన్నింటిలోనూ అంతే. అయినా ఆ చట్టాలు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉన్నాయి, పిల్లలు మాత్రం అక్కడ లేరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం 2020 నాటికి ప్రపంచంలో 16 కోట్ల మంది పిల్లలు పనిలో ఉన్నారు. వాళ్లలో 72 శాతం మంది పరాయి యజమాని దగ్గర కాదు, సొంత కుటుంబంలోనే, సొంత పొలంలోనో ఇంటి వ్యాపారంలోనో పనిచేస్తున్నారు. 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో అయితే ఆ వాటా 83 శాతం. మొత్తం మీద 70 శాతం మంది వ్యవసాయంలో ఉన్నారు. 2025లో వచ్చిన తాజా అంచనాలో మొత్తం 13.8 కోట్లకు, వ్యవసాయం వాటా 61 శాతానికి తగ్గాయి. తగ్గడం మంచిదే. కానీ ఇప్పటికీ సగానికి మించిన పిల్లలు ఉన్నది పొలాల్లోనే. బాలకార్మిక చట్టాలు తరచూ కుటుంబానికి ఒక మినహాయింపు ఇస్తాయి. పైకి అది చట్టంలో మిగిలిపోయిన చిన్న సందులా కనిపిస్తుంది. నిజానికి మూడొంతుల మంది పిల్లలు ఆ సందులోనే ఉన్నారు. ఆ గడప దాటి లోపలికి పోగలిగేది కార్మిక శాఖ తనిఖీ అధికారి కాదు, బడి. ఈ గంటలో నేను వాదించబోయేది ఈ ఒక్క విషయమే.

ఈ మినహాయింపు నిన్నమొన్న పుట్టింది కాదు. 1933లో వచ్చిన చట్టం తల్లిదండ్రులు అప్పు కోసం పిల్లల శ్రమను తాకట్టు పెడితే ఆ ఒప్పందం చెల్లదంది. తాకట్టు పెట్టిన తల్లిదండ్రులకు 50 రూపాయల దాకా, పెట్టించుకున్న యజమానికి 200 రూపాయల దాకా జరిమానా అంది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తమేమీ కాదు. ఐదేళ్లకు 1938లో వచ్చిన బాలల ఉపాధి చట్టం బీడీలు, తివాచీలు, అగ్గిపెట్టెలు, తోళ్లు ఊనడం వంటి పనులున్న వర్క్‌షాపుల్లో పిల్లలను నిషేధించింది. నిషేధించి వెంటనే, కుటుంబ సభ్యుల సాయంతో మాత్రమే నడిచే చోటికి ఇది వర్తించదని ఒక వాక్యం చేర్చింది. వలస ప్రభుత్వానికి ఇళ్లలోకి తొంగిచూసే ఓపికా లేదు, ధైర్యమూ లేదు. స్వాతంత్ర్యం వచ్చాక మనం రాసుకున్న రాజ్యాంగం పిల్లవాణ్ణి రెండు అధికరణల మధ్య పంచింది. 24వ అధికరణ 14 ఏళ్లలోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదంది. అది ప్రాథమిక హక్కు. 45వ అధికరణ పదేళ్లలో, అంటే 1960 నాటికి, 14 ఏళ్లు నిండే దాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు రాజ్యం ప్రయత్నించాలంది. అది ఆదేశిక సూత్రం, కోర్టుకు వెళ్లి అడగడానికి వీల్లేనిది. మొదటిది కార్మిక శాఖ బల్ల మీదికి వెళ్లింది, రెండోది విద్యాశాఖ బల్ల మీదికి. ఫ్యాక్టరీలో లేని, బడిలోనూ లేని పిల్ల ఏ బల్ల మీదా లేదు. పశువులు కాసే పిల్లవాడు, తమ్ముణ్ణి ఎత్తుకున్న పిల్ల, జీతానికి కుదిరిన పిల్లవాడు అందరూ ఆ ఖాళీలోనే పెరిగి పెద్దవాళ్లయ్యారు.

1979లో గురుపాదస్వామి కమిటీ పేదరికం ఉన్నంతకాలం పిల్లల పనిని పూర్తిగా మాన్పించడం కష్టమనీ, ప్రమాదకరమైన చోట నిషేధించి మిగతా చోట నియంత్రించాలనీ సూచించింది. ఆ ఆలోచనే 1986 చట్టమైంది. చట్టం పేరులోనే నిషేధమూ నియంత్రణా పక్కపక్కన ఉన్నాయి. ఏది ప్రమాదకరమో చెప్పడానికి ఒక షెడ్యూలు తయారుచేశారు, ఏళ్లు గడిచేకొద్దీ అది 18 వృత్తులు, 65 ప్రక్రియల దాకా పెరిగింది. జాబితాతో పనిచేసే చట్టానికి ఒక చిక్కు ఉంటుంది. జాబితాలో లేనిదంతా అనుమతించినట్టే అవుతుంది. ఆ షెడ్యూలులో పత్తి జిన్నింగ్ ఉండేది. ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రాలు వాడే వ్యవసాయ పనులూ ఉండేవి. పత్తి చేను మాత్రం లేదు. మిల్లులోకి వచ్చిన పత్తిని పిల్ల ముట్టుకుంటే నేరమయ్యేది, అదే పత్తి చేలో పువ్వుగా ఉన్నప్పుడు ముట్టుకుంటే నేరమయ్యేది కాదు. ఈ తేడా ఎంతమంది ఆడపిల్లల బాల్యాన్ని మింగిందో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సీడు పత్తి చరిత్ర చూస్తే తెలుస్తుంది. దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1970లో సూరత్ పరిశోధనా కేంద్రంలో సి.టి.పటేల్ రూపొందించిన హెచ్-4 వాణిజ్యపరంగా సాగుకు వచ్చిన తొలి సంకర పత్తి. వంగడం గొప్పదే. కానీ దాని విత్తనాన్ని ఏటా కొత్తగా తయారుచేయాలి, తయారుచేసేది యంత్రం కాదు, వేళ్లు. ఆడ చాళ్లలో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను ముందురోజే వెతికి పట్టుకుని, రేకులు విప్పి, కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున మగ చాళ్ల నుంచి పువ్వులు తెచ్చి ఆ కీలాగ్రాలకు పుప్పొడి అద్దాలి. ఊళ్లలో దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక్క పువ్వు తప్పిపోయినా అది సొంతంగా ఫలదీకరణం చెంది విత్తనం కల్తీ అవుతుంది. అందుకని పూత ఉన్న నెలలన్నీ రోజూ, ఆదివారం లేకుండా, ఎకరానికి ఎంతోమంది చేతులు కావాలి. ఆ నెలలు బడి నడిచే నెలలే. 1990లలో నంద్యాల, గద్వాల ప్రాంతాల్లో ఈ సాగు విస్తరించినప్పుడు ఆ చేతులు ఎక్కువగా ఆడపిల్లలవి. పంటకు ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ముట్టేది, ఆ బాకీ తీరేదాకా పిల్ల చేలో ఉండేది. చిన్న వేళ్లయితే సున్నితంగా పనిచేస్తాయి, మొక్కలు పొట్టివి కనుక వంగే శ్రమ ఉండదు అని యజమానులు చెప్పేవారు. ఈ చిన్న వేళ్ల మాట తివాచీల మీర్జాపూర్‌లోనూ వినిపించిందే. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం 1990లలో మన దేశంలో జరిగిన అధ్యయనం తివాచీ మగ్గాల దగ్గర దీన్ని లెక్క కట్టి చూసింది. నాణ్యతలో గానీ సూక్ష్మమైన పనిలో గానీ పిల్లలు పెద్దలను మించలేదని తేల్చింది. పిల్లలను పెట్టుకోవడానికి కారణం వాళ్ల వేళ్లు కావు. వాళ్లకు ఇచ్చే కూలి తక్కువ, ఎదురు చెప్పరు, పొద్దుగూకేదాకా నిలబడతారు.

2003లో దావులూరి వెంకటేశ్వర్లు ఆంధ్రప్రదేశ్ సీడు పత్తిలో బాలకార్మికుల మీద, దాని వెనుక ఉన్న విత్తన కంపెనీల మీద అధ్యయనం ప్రచురించాక యూరప్‌లోనూ గొడవ లేచింది. రైతుకు పిల్లను పెట్టుకోవద్దని చెప్పడం సులువు. అయితే విత్తనానికి ధర నిర్ణయించేది రైతు కాదు, కంపెనీ. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ అనే దళారి. ఆ ధరలో పెద్దల కూలి గిట్టదని అందరికీ తెలుసు. కొన్ని కంపెనీలు పిల్లలను పెట్టుకోని రైతులకు అదనపు ధర ఇస్తామని, తనిఖీలు చేయిస్తామని ముందుకొచ్చాయి. పెద్ద కమతాల్లో కూలికి వచ్చే చిన్నపిల్లల సంఖ్య తగ్గింది. ఇది నిజమైన విజయమే, తోసిపుచ్చను. అయితే అదే కాలంలో సాగు తీరు మారింది. కూలీలతో నడిచే పెద్ద చేల నుంచి, ఇంటిల్లిపాదీ దిగే చిన్న కమతాలకు సీడు పత్తి జరిగింది. గుజరాత్, రాజస్థాన్‌లలో గిరిజన గ్రామాల దాకా పాకింది. 2015లో అదే పరిశోధకుని అధ్యయనం దేశం మొత్తం మీద సీడు పత్తిలో 18 ఏళ్లలోపు వారు 5 లక్షలకు దగ్గరగా, వాళ్లలో 14 ఏళ్లలోపు వారు సుమారు 2 లక్షలు ఉన్నారని అంచనా కట్టింది. నిఘా కూలి మీద పడితే పని కుటుంబంలోకి తప్పుకుంది. యజమాని స్థానంలో తండ్రి నిలబడ్డాడు, ధర మాత్రం కంపెనీ చేతిలోనే ఉంది. ఇప్పుడు ఆ పిల్ల కూలి కాదు, ఇంటి పనిలో చేయి వేస్తున్న బిడ్డ. చట్టం దృష్టిలో ఆమె మాయమైంది.

బీడీల సంగతీ ఇంతే, క్లుప్తంగా చెబుతాను. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు ఇంటికి వస్తాయి, చుట్టిన బీడీలు తిరిగి కార్ఖానాకు వెళ్తాయి. కూలి వెయ్యి బీడీల లెక్కన. తల్లి ఆకు కత్తిరించి చుడుతుంటే కూతురు దారం కట్టడం, మూతి మడవడం చేస్తుంది. షెడ్యూలులో బీడీ పని మొదటి నుంచీ నిషిద్ధమే. అయినా ఇల్లే కార్ఖానా అయినప్పుడు, లెక్క వెయ్యికి గానీ మనిషికి కానప్పుడు, తనిఖీ అధికారి ఎవరిని లెక్కపెడతాడు?

2016లో చట్టాన్ని సవరించారు. 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదని మొదటిసారి స్పష్టంగా చెప్పారు. 14 నుంచి 18 ఏళ్ల వారిని గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియల నుంచి దూరం పెట్టారు. శిక్షలను పెంచి, జైలు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా, జరిమానా 20 వేల నుంచి 50 వేల రూపాయల దాకా ఉండేలా చేశారు. మరుసటి ఏడాది జూన్ 13న మన దేశం బాలశ్రమ మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 138, 182 ఒడంబడికలను ఆమోదించింది. ఇంతవరకు చప్పట్లు కొట్టవచ్చు. అయితే అదే సవరణ, బడి వేళల తర్వాత, సెలవుల్లో, ప్రమాదకరం కాని కుటుంబ వ్యాపారంలో పిల్లలు సాయపడవచ్చని చెప్పింది. కుటుంబం అంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు మాత్రమే కాదు. మేనత్తలు, పెదనాన్నలు, బాబాయిలు, పెద్దమ్మలు, పిన్నులు, మేనమామలు కూడా. మన ఊళ్లలో ఈ వరసలన్నీ కలుపుకుంటే పరాయివాడు ఎవడు మిగులుతాడు? ఇలాంటి మినహాయింపుతో బిల్లు ఇంకా పరిశీలనలో ఉన్నప్పుడే, 2013లో, పార్లమెంటు స్థాయీ సంఘం హెచ్చరించింది. పిల్లవాడు ఊరికే సాయపడుతున్నాడా, ఇంటి ఆదాయానికి పనిచేస్తున్నాడా అన్నది తేల్చడం చాలా కష్టమనీ, మంత్రిత్వ శాఖే సందులు కల్పిస్తోందనీ తప్పుపట్టింది. 2017 నియమాలు ఈ సందును కొంత పూడ్చబోయాయి. రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా కుటుంబ సాయం కూడా కూడదన్నాయి. బడికి చెప్పకుండా వరసగా 30 రోజులు రాని పిల్లల సంగతి ప్రధానోపాధ్యాయుడు నోడల్ అధికారికి తెలపాలన్నాయి. ఆ రెండో నియమం మీద నాకు గౌరవం ఉంది. ఎందుకంటే ఇంట్లో జరిగే పని ఎక్కడ కనిపిస్తుందో చట్టానికి తెలుసని అది బయటపెట్టింది. పని ఇంట్లో కనిపించదు, హాజరు పట్టీలో కనిపిస్తుంది. అయితే 30 రోజులు, అదీ వరసగా! వారానికి ఒకసారి మొహం చూపించి పోయే పిల్ల పూత కాలమంతా చేలోనే గడిపినా ఈ నియమానికి చిక్కదు.

ఇక అభ్యంతరాలకు వస్తాను. మొదటిది 2016లో ప్రభుత్వమే వినిపించిన వాదన. వ్యవసాయ కుటుంబాల్లో, చేతివృత్తుల కుటుంబాల్లో పిల్లలు పెద్దల పక్కన కూర్చుని పని నేర్చుకుంటారు, అది మన సమాజపు అల్లిక, దాన్ని చట్టంతో తెంచకూడదు అని. వినడానికి బాగుంటుంది. కానీ ఇది కొత్త వాదన కాదు, ఒకసారి అమలులో పరీక్షకు నిలిచి ఓడిన వాదన. ఆంధ్ర రాష్ట్రం విడివడిన 1953లోనే మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ ప్రాథమిక విద్యలో ఒక మార్పు తెచ్చారు. పిల్లలు రోజులో కొంతసేపు బడిలో ఉండి, మిగతా సమయం ఇంట్లో తండ్రి వృత్తి నేర్చుకోవాలన్నది దాని సారం. దాన్ని కులవిద్యా పథకమని జనం పిలిచారు, రాష్ట్రం అట్టుడికింది. 1954లో రాజాజీ దిగిపోయాక కామరాజ్ దాన్ని రద్దు చేశారు. ఆ వ్యతిరేకతలో రాజకీయం లేదనను. కానీ ప్రశ్న గట్టిది: వంశపారంపర్య వృత్తి నేర్చుకునే అదృష్టం ఎవరి పిల్లలకు? డాక్టరు కొడుకు సాయంత్రం క్లినిక్‌లో కూర్చుని సూది వేయడం నేర్చుకోవాలని ఎవరూ అనరు. వైద్యం నేర్పేది కాలేజీ అని అందరికీ తెలుసు. కుండ, చెప్పు, మగ్గం, నాగలి దగ్గరికి వచ్చేసరికే మనకు ఇల్లు విశ్వవిద్యాలయంలా కనిపిస్తుంది. రాజనీతి శాస్త్రవేత్త మైరన్ వీనర్ 1991లో వెలువరించిన పుస్తకంలో అడిగింది ఇదే. భారత్ కంటే పేదగా ఉన్నప్పుడే ఎన్నో దేశాలు నిర్బంధ విద్య అమలు చేయగలిగాయి కనుక, ఇక్కడి అడ్డంకి పేదరికం కంటే చదువుకున్న వర్గాల నమ్మకాలలో ఎక్కువగా ఉందని ఆయన వాదించారు. సీడు పత్తి చేలో మొగ్గ విప్పే పిల్ల ఏ వృత్తీ నేర్చుకోవడం లేదన్నది ఇంకో సంగతి. పదేళ్లకు నేర్చుకున్న పనే పాతికేళ్లకూ చేస్తుంది, అదే కూలికి.

రెండో అభ్యంతరం బరువైనది, నిజాయితీగా అడిగేది. పేదవాడు పిల్లను పనికి పంపకపోతే పొయ్యి వెలగదు కదా, మీ బడి వాళ్లకు అన్నం పెడుతుందా అని. దీనికి సిద్ధాంతం నుంచి ఒక జవాబు ఉంది, అనుభవం నుంచి ఒకటి. ఆర్థికవేత్తలు కౌశిక్ బసు, వాన్ 1998లో రాసిన పత్రం పేదరికమే కారణమన్న మాటను ఒప్పుకుంటూనే మొదలవుతుంది. పెద్దల సంపాదన చాలనప్పుడే తల్లిదండ్రులు పిల్లలను పనికి పంపుతారు. కానీ పిల్లలు పెద్దల పనే చేయగలిగితే, వాళ్లు కూలి మార్కెట్లోకి దిగడం వల్ల పెద్దల కూలి పడిపోతుంది. పడిపోయిన కూలి మళ్లీ పిల్లలను పనికి నెడుతుంది. ఒకే ఊరు రెండు రకాలుగా నిలదొక్కుకోగలదు: పిల్లలు పనిలో, పెద్దలకు తక్కువ కూలి. లేదా పిల్లలు బడిలో, పెద్దలకు మెరుగైన కూలి. మొదటి స్థితిలో ఉన్న ఊరిలో ఏ ఒక్క తండ్రీ ఒంటరిగా బయటపడలేడు, అందరూ కలిసి కదలాలి. సమష్టి నిర్ణయం అవసరం అందుకే వస్తుంది. అనుభవం రంగారెడ్డి జిల్లాది. 1991లో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ శాంతా సిన్హా నాయకత్వంలో అక్కడ జీతగాళ్లుగా ఉన్న పిల్లలతో పని మొదలుపెట్టింది. బడిలో లేని పిల్ల ఏ పని చేస్తున్నా, చేయకున్నా, బాలకార్మికురాలే అని వాళ్లు నిర్వచించుకున్నారు. ప్రమాదకరమా కాదా, ఇంట్లోనా బయటా అన్న తగువు అక్కడితో తెగిపోయింది. సాయంకాలం అనియత విద్యతో సరిపెట్టడాన్ని ఒప్పుకోలేదు, పగటి బడికే పంపాలన్నారు. వయసు మీరినవాళ్లకు బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టి, తోటివాళ్ల తరగతిలోకి చేర్చారు. ప్రభుత్వ ఉపాధ్యాయులు బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడ్డారు. తల్లిదండ్రులకు నగదు ఇవ్వలేదు. డబ్బు లేకపోవడం ఒక్కటే అడ్డంకి అయితే ఈ పని మొదటి ఊరిలోనే ఆగిపోవాలి. అది ఆగలేదు, వేలాది ఊళ్లకు పాకింది. అంటే డబ్బు సాయం అక్కర్లేదని కాదు. మధ్యాహ్న భోజనం, అమ్మఒడి వంటివి చేసిన మేలును నేను కాదనను. కానీ అవి పిల్లను బడికి తెచ్చే దారిని సులువు చేస్తాయి. ఊరంతా పిల్లలు బడిలోనే ఉండాలనే కట్టుబాటు లేనిచోట ఆ దారిన నడిచేవాళ్లు తక్కువ.

అప్పుడప్పుడు లెక్కలు చూపించి, సమస్య దానంతటదే తీరుతోంది కదా అంటారు. 2001 జనగణనలో దేశంలో పనిచేసే పిల్లలు 1.26 కోట్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 13.63 లక్షలు. ఉత్తరప్రదేశ్ తర్వాత మనదే రెండో స్థానం. 2011కు అది 43.5 లక్షలకు పడిపోయిందని ప్రభుత్వ ప్రకటనలు చెబుతాయి. మూడింట రెండొంతులు తగ్గిపోయిందన్నమాట! ఇందులో ఒక కిటుకు ఉంది. మొదటి సంఖ్యలో ఏడాదిలో ఆరు నెలలకు మించి పనిచేసినవాళ్లూ, అంతకు తక్కువ పనిచేసిన ఉపాంత కార్మికులూ కలిసి ఉన్నారు. రెండో సంఖ్యలో ఉపాంత కార్మికులు లేరు. వాళ్లను కలిపితే 2011లోనూ కోటికి పైమాటే. తగ్గింది నిజమే, అయితే ఐదో వంతు మాత్రమే. జాబితా నుంచి జారిపోయిన ఉపాంత కార్మికులెవరు? పూత కాలంలో క్రాసింగ్‌కు పోయి, తక్కిన రోజుల్లో ఇంట్లో ఉండేవాళ్లు. నేను ఇందాకటి నుంచి ఎవరి గురించి మాట్లాడుతున్నానో, లెక్క నుంచి తప్పుకున్నది వాళ్లే.

మూడో అభ్యంతరం ఆర్థికవేత్తల నుంచి వస్తుంది: నిషేధం మేలు చేయకపోగా కీడు చేస్తుంది అని. దీన్ని తేలిగ్గా తీసుకోలేం. ప్రశాంత్ భరద్వాజ్, లియా లక్డావాలా, నికొలస్ లీ నేషనల్ శాంపుల్ సర్వే లెక్కలతో 1986 చట్టాన్ని పరీక్షించారు. నిషేధం తర్వాత పెద్దల కూలితో పోలిస్తే పిల్లల కూలి పడిపోయిందనీ, పేద కుటుంబాల్లో పిల్లల పని పెరిగిందనీ వాళ్లు కనుగొన్నారు. బంగ్లాదేశ్‌లో 1990ల ఆరంభంలో, పిల్లలు చేసిన సరుకుల దిగుమతిని ఆపాలన్న అమెరికా సెనేటర్ హార్కిన్ బిల్లు భయంతో బట్టల ఫ్యాక్టరీలు పిల్లలను రాత్రికి రాత్రి వెళ్లగొట్టాయి. వాళ్లలో చాలామంది బడికి పోలేదు, రాళ్లు కొట్టడం వంటి అంతకంటే ఘోరమైన పనుల్లోకి పోయారు. చివరికి 1995లో ఫ్యాక్టరీ యజమానుల సంఘం, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ ఒప్పందం చేసుకుని, ఆ పిల్లలకు బడులూ నెలకు 300 టాకాల భత్యమూ ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఈ సాక్ష్యాలన్నీ నేను ఒప్పుకుంటాను. అయితే అవి చెబుతున్నది ఏమిటి? సగం నిషేధం కీడు చేస్తుందని. కొన్ని తలుపులు మూసి మిగతావి తెరిచి ఉంచితే పిల్ల మూసిన తలుపు దగ్గర ఆగిపోదు. తెరిచిన తలుపులోకి, అంటే జరిమానా భయంతో ఇంకా తక్కువ కూలి ఇచ్చే చోటికో, ఇంట్లోకో పోతుంది. పశ్చిమ ఆఫ్రికా కోకో తోటల్లోనూ ఇదే కథ. 2001లో చాక్లెట్ కంపెనీలు అత్యంత ఘోరమైన బాలశ్రమను తొలగిస్తామని ఒప్పందం రాశాయి. దాదాపు ఇరవై ఏళ్లకు, 2018-19 సర్వేలో, ఘనా, ఐవరీ కోస్ట్‌లలో కోకో పనిలో 15.6 లక్షల మంది పిల్లలు తేలారు. ఎక్కువమంది సొంత కుటుంబ తోటల్లోనే.

బొలీవియా దీనికి విరుద్ధమైన దారి పట్టింది. పిల్లల కార్మిక సంఘాలే అడిగాయని 2014లో పదేళ్ల వయసు నుంచి కొన్ని షరతులతో పనిని చట్టబద్ధం చేసింది. దాచిన పనికంటే వెలుగులో ఉన్న పని మేలు, హక్కులైనా అడగవచ్చు అన్నది వాదన. పిల్లల గొంతు వినాలన్న ఆ పట్టుదలలో మర్యాద ఉంది. కానీ పదేళ్ల పిల్లకు హక్కుల్ని కాపాడేందుకు ఏ తనిఖీ వ్యవస్థ ఉండాలో, అది లేకపోవడం వల్లనే కదా నిషేధం విఫలమైంది. నిషేధాన్ని అమలు చేయలేని రాజ్యం నియంత్రణను మాత్రం ఎలా అమలు చేస్తుంది? అక్కడి రాజ్యాంగ ధర్మాసనం 2017లో ఆ నిబంధనలను కొట్టేసింది, మరుసటి ఏడాది చట్టం మారింది.

చివరి అభ్యంతరం ఒకటి ఉంది, అది నా వాదన మీదికే సూటిగా వస్తుంది. గడప దాటమంటున్నారు, అంటే పేదవాడి ఇంట్లోకి పోలీసును పంపమంటారా అని. వద్దు. తల్లిదండ్రులను శిక్షించడం వల్ల ఒక్క పిల్ల బడికి రాదు. మొదటి తప్పుకు వాళ్లకు శిక్ష లేకుండా 2016 సవరణ చేసింది మంచిపనే. అయినా ఇల్లు రాజ్యానికి అంటరాని చోటేమీ కాదు. బాల్యవివాహాల విషయంలో, గృహహింస విషయంలో చట్టం ఏనాడో లోపలికి వెళ్లింది. బిడ్డకు టీకా వేయించారా అని అడగడానికి ఆశా కార్యకర్త వెళ్తూనే ఉంది, దాన్ని చొరబాటు అని ఎవరూ అనుకోవడం లేదు. చదువు విషయంలోనూ తలుపు తట్టవలసింది అలాంటి మనిషే. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అంది. 2002లో 86వ సవరణ దాన్ని 21-ఎ అధికరణ చేసింది, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఆనాటి నుంచి బడి వేళలో చేలో ఉన్న పిల్ల, ఆ చేను ఎవరిదైనా సరే, ఒక ప్రాథమిక హక్కు పోగొట్టుకున్న పౌరురాలు. ఆమెది ప్రమాదకర వృత్తా, యజమాని మేనమామా అన్న ప్రశ్నలు అక్కడ అనవసరం. ఇన్నేళ్లకు మనకు గడప దాటే ఆయుధం చేతికొచ్చింది. అయినా కార్మిక శాఖ ఇంకా షెడ్యూలు చదువుతోంది, విద్యాశాఖ నమోదు లెక్కలు చూసుకుని తృప్తిపడుతోంది. నమోదు వేరు, రావడం వేరు.

నేను అడిగేది పెద్ద చట్టం కాదు. 2017 నియమంలో వరసగా 30 రోజులు అన్న చోట, నెలలో ఏ ఐదు రోజులైనా అని మార్చాలి. సమాచారం వెళ్లవలసింది జిల్లా కేంద్రంలోని నోడల్ అధికారికి మాత్రమే కాదు, మండలానికి, పంచాయతీకి కూడా. గద్వాల, నంద్యాల వంటి చోట్ల పూత కాలం నెలలు ముందే తెలుసు కనుక, ఆ నెలల్లో తల్లిదండ్రులు చేలలో ఉండే ఇళ్ల పిల్లలకు తాత్కాలిక హాస్టళ్లు తెరిచి ఉంచాలి. విత్తన కంపెనీ ధర నిర్ణయించేటప్పుడు పెద్దల కనీస కూలిని లెక్కలోకి తీసుకున్నానని కాగితం మీద చూపించాలి, అది చూపకపోతే రైతును నిందించే హక్కు దానికి లేదు. విద్యాహక్కు 14 ఏళ్లకు, అంటే ఎనిమిదో తరగతితో ఆగిపోతోంది. 14 దాటిన ఆడపిల్లకు చేలో పని నిషిద్ధం కాదు, బడి హక్కూ కాదు. ఆ నాలుగేళ్లను కూడా హక్కు కిందికి తేవాలి. బడే సరిగా లేనప్పుడు పిల్లను అక్కడికి తెచ్చి ఏం లాభం అని అడగవచ్చు. నిజమే, చాలా బడుల్లో పాఠం సరిగా సాగదు. కానీ పిల్లలు లేని బడిని ఎవరూ బాగుచేయరు. రంగారెడ్డిలో పిల్లలు వరదలా వచ్చాకే ఊళ్లు అదనపు ఉపాధ్యాయుల కోసం పోరాడాయి.

ఉపాధ్యాయ మిత్రులు ఇప్పటికే విసిగి ఉన్నారని నాకు తెలుసు. జనగణన, ఎన్నికలు, యాప్‌లో ఫొటోలు, వీటికి తోడు ఇంకో లెక్కా అని అడుగుతారు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులు అప్పగించకూడదంటుంది. అయితే తరగతిలోని పిల్ల మంగళవారం ఎందుకు రాలేదని బుధవారం అడగడం బోధనేతర పని కాదు. ఆ ప్రశ్న తర్వాత ఏం చేయాలన్నది మాత్రం ఉపాధ్యాయునిది కాదు. అది పంచాయతీది, మండల విద్యాధికారిది, కార్మిక శాఖది. తమ దాకా వచ్చిన ప్రతి గైర్హాజరుకు వాళ్లు వారంలోగా రాతపూర్వకంగా బదులివ్వాలని నియమంలోనే రాయాలి. బదులు రాకపోతే అడిగే అధికారం బడి యాజమాన్య కమిటీకి ఉండాలి. ఎందుకంటే ఆ కమిటీలో ముప్పాతిక మంది ఆ పిల్లల తల్లిదండ్రులే.